మమ్మల్ని కూసోబెట్టిన మేడం

పది పన్నెండు రోజుల కింద తార్నాకల బస్సెక్కి సీట్ల కూసున్ననో లేదో, సీతాఫల్‌మండి అక్క ఫోన్ చేసింది. "మన ఫిజియో మేడం పోయిన్రే. గుండెపోటంట." కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. మీకు చిత్రంగ అనిపిస్తది గానీ, నేను బస్సుల గిట్ల కూసునుడే ఆ మేడం పుణ్యం.

నాలుగేండ్ల కింద క్యాంపస్‌ల పీహెచ్‌డీ చేస్తున్న. పొత్తికడుపు కింద, కూసునే జాగల ఒకటే పోటు, మంట. స్కానింగుల ఏం లేదన్నరు. "పెండ్లయితే పోతది" అన్నదొకామె. లైబ్రరీల నిలబడే రాసేదాన్ని. ఆఖరికి చదువు బంద్ చేస్తానని గైడ్‌కు ఉత్తరం రాసి బ్యాగుల పెట్టుకున్న.

ఆ బ్యాగుతోనే మేడం దగ్గరికి పోయిన. మందుల షాపు మీద రెండు గదుల క్లినిక్. అంతా విని, "నొప్పి నిజమే బిడ్డా" అన్నరు. బోరున ఏడ్చిన. తర్వాత, "క్యాంపస్‌ల బాత్రూంకు పోతవా, సాయంత్రం దాక ఆపుకుంటవా?" అని అడిగిన్రు.

"ఆపుకుంట మేడం, గలీజుగుంటయి."

ఫోన్ల చూసి, కింది కండరాలు బిగించే ఎక్సర్‌సైజ్ రోజుకు రెండొందల సార్లు చేస్తున్ననని గొప్పగ చెప్పిన. మేడం నెత్తి కొట్టుకున్నరు. "అయ్యో నా తల్లీ! ఆపుకోని ఆపుకోని అవి ముందే పిడికిలి లెక్క బిగుసుకోని ఉన్నయ్. నువ్వింక బిగిస్తున్నవ్! ముందు వదులుడు నేర్చుకో."

ప్రతిసారి "చెయ్యి పెట్టొచ్చా?" అని అడిగేటోళ్లు. వద్దంటే ఆ రోజు ఊపిరి తీసుడు, విడుసుడే. పండ్లు పటపట కొరికితే కింద గూడ బిగుస్తదని నవ్వించేటోళ్లు. "బొందు జర లూజు చెయ్యి, లోకమేం కూలిపోదు" అనేది ఆమె మాట. నెలలు పట్టింది. నడుమ రెండుసార్లు తిరగబెట్టింది గూడ.

ఒకరోజు క్యాంటీన్ల దోస్తుతోని ముచ్చట్ల పడి టైం చూస్తే నలభై నిమిషాలు! కూసునే ఉన్న! అబ్బ, ఏం సంబురమో! క్లినిక్‌కు ఉరికిన. మెట్లెక్కుకుంటనే "మేడం, నలభై!" అని ఒర్లిన. మేడం బయటికొచ్చి చప్పట్లు కొట్టిన్రు. గోడకానుకోని నిలబడ్డ ఒకామె, "నాక్కూడ గట్లయితదా?" అని అడిగింది. ఆమెనే మా సీతాఫల్‌మండి అక్క. గైడ్‌కు రాసిన ఆ ఉత్తరం ఆడనే చింపేసిన.

నిన్న దినాలకు బౌద్ధనగర్‌ల మేడం వాళ్లింటికి పోయినం, ఆమె పేషెంట్లమందరం. మేడం భర్త మాకోసమే కుర్చీలు వేయించిన్రు. "కింద కష్టమైతదేమో అమ్మా" అన్నరు పాపం. ముందు సీతాఫల్‌మండి అక్క పోయి ఫోటో ముందర చాప మీద మఠం వేసుకోని కూసున్నది. ఆమె వెనుక ఒక్కొక్కలం కూసున్నం. గంట దాటినా ఎవ్వరం లేవలే. కుర్చీలన్నీ ఖాళీగనే ఉన్నయ్.