నంబర్ దొరకని మొదటి పేజీ

వెబ్‌సైట్లకు రాతలు రాసిపెట్టడం నా పని. వికారాబాద్‌లో స్టేషన్‌కు దగ్గరగా మా ఇల్లు. కిటికీ పక్కన బల్ల వేసుకుని అక్కడే రాస్తాను. ఫంక్షన్ హాలు వాళ్ళు, పళ్ళ డాక్టరు, విత్తనాల షాపు, గుట్టల దగ్గర కొత్తగా లేచిన రిసార్టు, ఎవరు వచ్చినా ముందు అడిగేది ఒకటే. సైట్ తెరవగానే కనపడే మొదటి పేజీలో ఏం రాద్దాం అని. అడుగుతారు గానీ రాసింది పెట్టరు. ఆ పేజీ చదవడానికని వాళ్ళు అనుకోరు. కొత్తింటి గోడకు వేయించిన రంగులాగా, నిలబడి చూసుకుని మురిసిపోవడానికి అనుకుంటారు. అవతల ఒక మనిషి ఏదో పని పడి ఫోన్ పట్టుకుని ఉన్నాడన్న ధ్యాసే ఉండదు. ఇన్నేళ్ళలో నేను చూసిన అలాంటి పేజీలన్నిటిలోకి ఘనమైనది తాండూరులో తయారైంది. దాని తయారీలో నన్ను కూర్చోబెట్టారు కూడా.

అది ఒక నాపరాయి బండల ఫ్యాక్టరీది. ఓనరు నాకు వరుసకు అన్న. గనిలో రాయి తీయించే పనితో మొదలుపెట్టి, పాలిష్ మిషన్లు పెట్టేదాకా ఎదిగాడు. మంచి మనిషే. పనివాళ్ళ ఇండ్లలో పెళ్ళి అయినా చావు అయినా ముందుంటాడు. అయితే పక్క ఫ్యాక్టరీ ఆయన తన సైట్ తెరిచి చూపించిన రోజు నుంచి ఈయనకు మనసు మనసులో లేదు.

"చెల్లె, మనకు గూడ ఒక సైట్ గావాలె. మస్తు రిచ్ గుండాలె. డిజైన్ పట్నం పిలగాడు చూస్కుంటడు. తెలుగు రాత నువ్వు రాయి" అన్నాడు ఫోన్‌లో.

పొద్దుటి రైలుకు తాండూరు పోయాను. ఫ్యాక్టరీ ఆఫీసులో మా వదిన, అంటే ఆయన భార్య, కూర్చుని ఉంది. వచ్చిన ఫోన్లన్నీ ఎత్తేది ఆమెనే. నేను పక్కన కుర్చీ వేసుకుని మధ్యాహ్నం దాకా ఆ ఫోన్లు వింటూ ఉన్నాను. కొందరు మేస్త్రీలు, కొందరు ఇల్లు కట్టుకునేవాళ్ళు. సరిహద్దు అవతలి నుంచి చేసినవాళ్ళకు ఆమె కన్నడలో జవాబు చెప్పేది. అందరూ అటుతిప్పి ఇటుతిప్పి అవే అడిగారు. నీలం బండ ఉందా, పసుపుది ఉందా. మందం ఎంత. పాలిష్ పెట్టిందా, పెట్టందా. మా ఊరి దాకా లారీ పంపుతారా.

నాకు పని సులువైపోయింది. అవే మాటలు జవాబులుగా రాశాను. పైన పెద్ద అక్షరాల్లో తాండూరు బండలు అని, దాని కింద రంగులు, మందాలు, ఎక్కడి దాకా దింపుతామో, చివరన ఫోన్ చేయండి అని. నంబర్ అడిగితే ఓనరు చెయ్యి ఊపాడు.

"దాని ఫికర్ వద్దు. సైట్‌కని కొత్త సిమ్ తీస్కుంటున్న. పిలగాడే పెడతడు."

కొన్ని రోజులకు డిజైనరు వచ్చాడు, పేజీ చూపించడానికి. ఓనరు కూర్చునే ఏసీ గదిలో గోడకున్న పెద్ద టీవీకి తన ల్యాప్‌టాప్ తగిలించాడు. నేను రాసిన కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని ముందు నాకే పాఠం చెప్పాడు.

"మేడం, ఇది పాంప్లెట్‌లా ఉంది. మనం బండలు అమ్మడం లేదు. ఒక ఫీలింగ్ అమ్ముతున్నాం."

"మరి బయట లారీల ఏం ఎక్కిస్తున్నరు?" అన్నాను.

అతను నవ్వి, మీట నొక్కాడు. తెర నల్లబడింది. పిల్లనగ్రోవి మొదలైంది. డ్రోన్‌తో తీసిన వీడియోలో మబ్బులు, మబ్బుల కింద గని, గనిలో ఒంటరిగా ఒక కొంగ. దాని మీద వెంట్రుకంత సన్నని అక్షరాల్లో ఇంగ్లీషు వాక్యం తేలుతూ వచ్చింది. వెనక తెల్లని రాయి, ముందు తెల్లని అక్షరం. దాని కింద తెలుగు. నేను రాసింది కాదు. 'భూమి నిశ్శబ్దం మీ పాదాల కింద' అట. ఎక్కడినుంచి తెచ్చాడో ఆ ఫాంట్‌లో వత్తులు ఊడి పక్కకు పడ్డాయి. నిశ్శబ్దంలో శ ఒక దిక్కు, దాని వత్తు ఒక దిక్కు. ఆ మాట నోరారా చదవాలంటే ముందు దాన్ని ఏరి కూర్చుకోవాలి.

"బండలు అన్న మాట ఏడుంది?" అని అడిగాను.

"స్క్రోల్ చేస్తే వస్తుంది మేడం."

స్క్రోల్ చేశాడు. ఓనరు ఫోటో వచ్చింది, నల్లద్దాలు పెట్టుకుని చేతులు జోడించి. తర్వాత మా ప్రయాణం. తర్వాత మా విలువలు. తర్వాత నాణ్యతే మా ఊపిరి. ఆ రాతలో రాయి తీసేసి తలనూనె పెట్టినా, టైర్లు పెట్టినా అక్షరం మార్చే పని లేదు. నడుమ నడుమ మీటలు ఉన్నాయి, 'అన్వేషించండి' అని. దేన్ని అన్వేషించాలో ఎవరూ చెప్పలేదు. ఒకటి నొక్కితే మళ్ళీ మబ్బుల్లోకి తీసుకుపోయింది. ఇంతలో తెర నడుమ ఒక పెట్టె ఎగిరివచ్చి అన్నిటినీ కప్పేసింది. మీ పేరు, మీ మెయిల్ ఇవ్వండి, వారం వారం స్ఫూర్తి పొందండి. నాపరాయి గురించి వారం వారం స్ఫూర్తి పొందే మనిషి ఎవడో నాకిప్పటికీ అంతుపట్టలేదు.

"ఇదంతా ఫోన్‌లో చూసినవా? ఎండల నిలబడి చూసినవా?"

"ఎండలో ఎవరు చూస్తారు మేడం?" అన్నాడు, జాలిగా.

ఇల్లు కట్టేవాడు ఎండలోనే నిలబడతాడని చెప్పబోయాను. ఓనరు చెయ్యి అడ్డం పెట్టాడు. "చెల్లె, జర ఊకో. చూడు ఎంత రిచ్ గ కొడుతున్నదో."

అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి చూస్తున్న వదిన ఒక్క మాట అడిగింది. "నంబర్ ఏది?"

"కాంటాక్ట్ పేజీలో ఉంటుంది ఆంటీ. పైన మూడు గీతలు నొక్కితే మెనూ వస్తుంది. లేదంటే పూర్తిగా కిందికి పోయినా..."

అతను ఇంకా చెబుతూనే ఉన్నాడు. ఆఫీసులో ఫోన్ మోగింది. ఆమె వెళ్ళిపోయింది.

సైట్ మొదలుపెట్టిన రోజు ఒక లీడరును పిలిచి, శాలువా కప్పి, ల్యాప్‌టాప్‌కు రిబ్బన్ కట్టి కత్తిరించారు. ల్యాప్‌టాప్‌కు రిబ్బన్ కట్టాలని ఎవరికి తోచిందో నేను అడగలేదు. లీడరు మీట నొక్కి, మబ్బులు చూసి, చాలా బాగుందని చెప్పి, ఇది దేనికి అని పక్కవాణ్ణి మెల్లగా అడిగాడు.

ఆ తర్వాత వేరే పని మీద తాండూరు పోయినప్పుడు వదినను కలిశాను. సైట్ చూసి ఫోన్లు వస్తున్నాయా అన్నాను.

"ఏడ వస్తున్నయ్ చెల్లె? ఒక్కాయన జేసిండు. ఎట్ల దొరకబట్టిండో నంబరు, పాపం. జేసి, ఇది ఆశ్రమమేనా, ధ్యానం క్లాసులు ఎన్నడు పెడతరు అని అడిగిండు."

ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. ఓనరుకు మాత్రం అందులో నవ్వేది కనపడలేదు. ఎంతమంది చూశారో లెక్క చూపించే బొమ్మ ఒకటి డిజైనరు పంపేవాడు. ఆ గీత పైకి పోతున్నదని ఈయన సంబరం. వచ్చినవాళ్ళంతా తలుపు దొరక్క గోడ చుట్టూ తిరిగి పోతున్నారేమో అన్న అనుమానం ఒక్కనాడూ రాలేదు.

ఆ చలికాలంలో పట్నం నుంచి ఒక బిల్డరు వచ్చాడు. నవాబుపేట దగ్గర ఫామ్‌హౌస్ కడుతున్నాడు. ముందు దానికి బండలు చూసి, నచ్చితే మిగిలిన తన కట్టడాలన్నిటికీ తీసుకుంటానని మాట. ఓనరు ఆయనను మెప్పించడానికి ముందుగా కోట్‌పల్లి చెరువు మీద పడవ ఎక్కిద్దామని తీసుకువచ్చాడు. "ఆయనకు గూడ తెలుగు రాతలు రాసేటోళ్ళు గావాల్నట, రా" అని నన్నూ కారెక్కించాడు. అదే సమయానికి నమూనా బండలతో లారీ తాండూరు నుంచి నవాబుపేటకు బయలుదేరింది. అక్కడికి వచ్చాక డ్రైవరు ఫోన్ చేస్తే, ఏ దారిలో రావాలో ఓనరు చెప్పాలి. ఏర్పాటు అంతే.

ఒడ్డున పడవలోకి దిగుతూ, బిల్డరుతో కలిసి సెల్ఫీ తీయబోయాడు మా అన్న. పడవ ఊగింది. ఫోన్ జారి నీళ్ళలో పడింది. పడవ నడిపేవాళ్ళు చేతులు పెట్టి దేవులాడారు. లోతు ఎక్కువ, అడుగున బురద. దొరకలేదు.

ఆయన ఫోన్ గురించి కాదు, లారీ గురించి పరేషాన్ అయ్యాడు. డ్రైవరు నంబర్ తెలియదు. ఫ్యాక్టరీది కొత్త సిమ్, అదీ తెలియదు. ఇంటామె నంబర్ కూడా యాదిలేదు. వాళ్ళ నంబర్లలో నా ఫోన్‌లో ఉన్నది నీళ్ళలో మునిగిన ఆ నంబర్ ఒక్కటే.

ఉన్నట్టుండి ఆయన ముఖం వెలిగింది. "అరె, మన సైట్ ఉన్నది గద! తెరువు చెల్లె. అండ్ల ఉంటది."

నేను తెరిచి, ఫోన్ ఆయన చేతిలో పెట్టాను.

నడినెత్తిన ఎండ. సిగ్నల్ అంతంత మాత్రం. ముందు ఒక చక్రం తిరిగింది. తిరిగింది. బిల్డరు చెరువు దిక్కు చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపటికి పిల్లనగ్రోవి మొదలైంది. మబ్బులు ఆగి ఆగి కదిలాయి. కొంగ సగం వచ్చి ఆగిపోయింది. ఆయన వేలితో కిందికి తోశాడు. పెట్టె ఎగిరివచ్చి స్ఫూర్తి కావాలా అన్నది.

"గిదెట్ల పోతది?"

"మూలకు గుణకారం గుర్తు ఉంటది, నొక్కు."

ఆ గుర్తు ఆవగింజంత. ఆయన బొటనవేలు బండలెత్తిన వేలు. గుర్తు మీద పడాల్సింది పక్కన పడి, మా విలువలు తెరుచుకుంది. వెనక్కి వచ్చాడు. మళ్ళీ మొదటి నుంచి చక్రం, పిల్లనగ్రోవి. మూలన ఇంకో బుడగ లేచింది, మీకు ఎలా సహాయపడగలం అని. ఆయనకు ప్రాణం లేచి వచ్చింది. నంబర్ కావాలి అని కొట్టాడు. బుడగ వెంటనే జవాబిచ్చింది. ధన్యవాదాలు, మీ ఫోన్ నంబర్ ఇవ్వండి, మా ప్రతినిధి మీకు కాల్ చేస్తారు.

"నా ఫోన్ చెరువుల ఉన్నది రా!" అని అరిచాడు బుడగ మీద.

బిల్డరు దగ్గాడు. అది నవ్వు దాచుకునే దగ్గు.

ఆఖరికి పేజీ అడుగుదాకా పోయాం. నంబర్ ఉంది. బూడిదరంగు బండ బొమ్మ మీద లేత బూడిదరంగు అంకెలు. చెయ్యి గొడుగులా పట్టి నీడ చేసినా అవి కనపడలేదు, ఉన్నట్టు అనిపించాయి అంతే. అదీ బొమ్మలో భాగమే, వేలు పెట్టి నొక్కితే ఫోన్ పోదు. సగం అంకెలు నోట్లో అనుకుంటూ డయల్ చేయడం, మిగతా సగం కోసం వెనక్కి రావడం, పేజీ మళ్ళీ మబ్బుల నుంచి మొదలుకావడం. ఒకసారి ఎవరో ముసలామె ఎత్తి, తన మనవడనుకుని తిట్టింది. ఆరో ఎనిమిదో తేల్చుకోలేక మళ్ళీ చేస్తే మళ్ళీ ఆమెనే ఎత్తింది.

"సైట్ మీదే కదండీ?" అని అడిగాడు బిల్డరు, మర్యాదగానే. "పోదాం పదండి."

మేం నవాబుపేట చేరేసరికి లారీ లేదు. డ్రైవరు రోడ్డు మీద ఆగి, ఫోన్ మీద ఫోన్ చేసి, కలవకపోయేసరికి వెనక్కి తిప్పుకుపోయాడు. బిల్డరు కట్టుబడి పని చూసుకుని, మళ్ళీ మాట్లాడదామని చెప్పి పట్నం వెళ్ళిపోయాడు. మళ్ళీ మాట్లాడలేదు. బండలు ఇంకెవరి దగ్గరో తీసుకున్నాడని తర్వాత తెలిసింది.

తిరుగుదారిలో మా అన్నను చూస్తే నాకు జాలి వేసింది. ఇక బుద్ధి వచ్చి ఉంటుందనుకున్నాను. ఎక్కడిది. మర్నాడు డిజైనరును పిలిపించి కేకలేస్తే, అతను తొణకలేదు. "సర్, అది మీ దగ్గర నెట్‌వర్క్ ప్రాబ్లం. అయినా నంబర్‌ను హైలైట్ చేస్తాను" అన్నాడు. చేశాడు కూడా. ఇప్పుడు మబ్బుల మీద, పేజీ ఈ చివర నుంచి ఆ చివరకు, ఎర్రటి లావు అంకెలు పరుగెత్తుతాయి. మొదటి అంకెలు చదివి కాగితం మీద పెట్టేలోగా మిగతావి దాటిపోతాయి. పట్టుకోవాలంటే అవి మళ్ళీ తిరిగి వచ్చేదాకా కాచుకోవాలి. ఓనరుకు అది నచ్చింది. పాతదానికంటే హుషారుగా ఉందన్నాడు.

వదిన ఆయనతో వాదం పెట్టుకోలేదు. ఒకరోజు నన్ను పిలిచి, "నువ్వు మొదలు రాసినవు సూడు, గదే వేరేగ ఒకటి జేద్దాం చెల్లె" అన్నది. ఇద్దరం యార్డులో తిరిగి, ఆరుబయట పేర్చిన బండల ఫోటోలు ఫోన్‌తోనే తీశాం. ఒక్కో ఫోటో కింద రంగు, మందం. పైన నల్లని పెద్ద అక్షరాల్లో నంబర్, నొక్కితే ఫోన్ పోయేట్టు. పాట లేదు, మబ్బులు లేవు, మా విలువలు అసలే లేవు. దాని లింకు ఆమె వాట్సాప్‌లో మేస్త్రీలకు పంపింది. ఇప్పుడు ఫోన్ చేసేవాళ్ళు రంగు పేరు కూడా చెప్పడం లేదట. "పైనుంచి రెండో ఫోటోల ఉన్నది, గది పంపు అక్కా" అంటున్నారట. ఫోన్లు ఎత్తలేక ఆఫీసులో ఇంకో అమ్మాయిని పెట్టుకుంది.

డిజైనరు మాత్రం మబ్బుల పేజీనే తన గొప్ప పనుల్లో మొదట పెట్టుకున్నాడు. దాన్ని చూసి మా వికారాబాద్ రిసార్టు ఆయన అతన్నే కుదుర్చుకున్నాడు. రాత నన్ను రాయమన్నాడు. ఏం రాయాలండీ అంటే, "ఏదో ఒకటి రాయండి మేడం, ఎట్లాగూ వీడియో మీద కనపడదు" అన్నాడు. ఇంత నిజాయితీగా ఎవరూ చెప్పలేదు నాకు. రాయనని చెప్పేశాను.

మొన్న ఒక పెండ్లిలో మా అన్న కలిశాడు. బండల వ్యాపారం జోరుగా ఉంది, అంతా సైట్ పుణ్యమే అన్నాడు. ఏ సైట్ అని నేను అడగలేదు. వదిన నా దిక్కు చూసి, కొంగు సర్దుకుంది. ఆయన అప్పటికే చుట్టూ నలుగురిని పోగేసి, కొత్త ఫోన్ తీసి, "చూడున్రి, మస్తుంటది" అంటూ పేజీ తెరవబోతున్నాడు. లోపల భోజనాల బంతి లేచి, కొత్త బంతికి ఆకులు వేస్తున్నారు. నిలబడ్డవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు జారుకున్నారు. నేను, వదిన కూడా పోయి కూర్చున్నాం. వడ్డన నెయ్యిదాకా వచ్చింది. ఆయన ఇంకా షామియానా కింద, ఫోన్ చేతికందినంత ఎత్తున పట్టుకుని, సిగ్నల్ కోసం తిరుగుతున్నాడు.