తెడ్డు మీద పోసిన మరిగే నీళ్లు

1979 వేసవి. జహీరాబాద్ దాటాక బొంబాయి రోడ్డు పక్కన ఉన్న ఒక చిన్న బీరు ఫ్యాక్టరీలో నేను కెమిస్టును. పగలంతా ల్యాబులో పని, ఆదివారాలు లైబ్రరీలో మూఢనమ్మకాల మీద ఉపన్యాసం. "రుజువు లేనిదే దేన్నీ నమ్మకండి" అని గొంతు చించుకునేవాణ్ని.

ఆ ఏడాది మా మేనేజరు ఇంగ్లీషువాళ్ల పాతకాలపు ఏల్ అనే రకం బీరు చేసి చూద్దామన్నాడు. మామూలు బీరులో ఈస్ట్, అంటే పులియబెట్టే సూక్ష్మజీవి, చల్లటి తొట్టి అడుగున పనిచేస్తుంది. ఏల్ ఈస్ట్ వెచ్చదనంలో, పైన నురగ కట్టి పనిచేస్తుంది. చల్లబెట్టే మిషన్ల కరెంటు మిగులుతుంది. మాల్టు, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, సగానికి తగ్గించి, బేకరీల్లో మిగిలిపోయిన బ్రెడ్డు, జొన్న నూకలు, అంగట్లో ఎవరూ కొనని సన్న అల్లం వేద్దామన్నది మాణిక్యప్ప ఆలోచన. "పారేసేదాంట్ల గూడ జర జీవం ఉంటది సార్" అనేవాడు.

మాణిక్యప్ప బీదర్ వైపు మనిషి. యాభై దాటాయి. వయసులో ఉండగా బెంగుళూరులో ఒక ఇంగ్లీషు దొర దగ్గర ఈ పని నేర్చాడు. మా దగ్గర మాత్రం రోజుకూలీ. మూడు తొట్లు బాగా వస్తే పర్మనెంట్ చేస్తానని మేనేజరు మాట ఇచ్చాడు.

మొదటి రెండూ బ్రహ్మాండంగా వచ్చాయి. ఏల్ ఈస్ట్ మా దగ్గర లేదు; ల్యాబు నుంచి నేను సీసాలో పంపిన మామూలు ఈస్టే వేడికి అలవాటు పడిందని నా ధీమా.

నాకు ఒళ్లు మండించింది అతని కట్టె తెడ్డు. అదీ దొర ఇచ్చిందేనట. పసుపు కుంకుమ పూసి గోడకు వేలాడదీసేవాడు. సబ్బు తగలనిచ్చేవాడు కాదు. వాడాక నీడలో ఆరబెట్టి, మళ్లీ కలిపే రోజున దండం పెట్టి తొట్టిలో దించేవాడు.

మూడో తొట్టి నాడు, కూలీలందరి ముందు ఆ తెడ్డు లాక్కున్నాను.

"దొరకు ఊడిగం, కట్టెకు పూజ! సిగ్గులేదూ మాణిక్యప్పా?"

"పసుపు కడుగున్రి సార్, వద్దన. కట్టెకు మాత్రం వేడినీళ్లు పొయ్యకున్రి. పని ఆగిపోతది."

"ఎందుకు ఆగుతుంది?"

"నాకేమెరుక సార్? దొర గట్లనే చెప్పిండు. నేను గట్లనే చేస్తున్న."

నాకు అంతకంటే ఏం కావాలి? అక్కడికక్కడే చిన్న ఉపన్యాసం ఇచ్చి, తెడ్డు మీద మరిగే నీళ్లు పోయించాను. చాలక, అరగంట అందులోనే ఉడికించాను. "సారు తెడ్డుకు పెండ్లితానం పోస్తుండురో!" అని ఎవరో అరిస్తే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మాణిక్యప్ప నవ్వలేదు.

నాలుగు రోజులైనా నురగ రాలేదు. ఐదో రోజు తొట్టి పుల్లకంపు కొట్టింది. మేనేజరు రిపోర్టు అడిగాడు. "శుభ్రత లేని పాత పద్ధతుల వల్ల" అని రాసి సంతకం పెట్టాను. ఆ సాయంత్రమే మాణిక్యప్పను పనిలోంచి తీసేశారు. పోతూ తన తెడ్డు కూడా అడగలేదు.

మర్నాడు ఎందుకో తెడ్డు పగుళ్లలోంచి కాస్త పొడి గోకి మైక్రోస్కోపు కింద పెట్టాను. గుడ్డు ఆకారంలో కణాలు, గుత్తులు గుత్తులుగా. ఉడికి చచ్చిన ఈస్ట్. ఆరిన కట్టెలో నిద్రపోయి, తొట్టిలో దించగానే లేచేదన్నమాట. మొదటి రెండు తొట్లనూ పులియబెట్టింది నా సీసా కాదు; అందులోది ఆ ఎండలకు ఎప్పుడో చచ్చిపోయింది.

వెంటనే రిపోర్టు దిద్దాల్సింది. దిద్దలేదు. ఆ ఆదివారం లైబ్రరీలో నా ఉపన్యాసం ఉంది మరి. మూడు వారాలు నాన్చి, చివరికి నిజం రాసిస్తే, "ఏల్ సంగతే వదిలేశాం కదండీ" అని మేనేజరు కాగితం పక్కన పడేశాడు.

తెడ్డు పట్టుకొని కోహీర్ వెళ్లాను. మాణిక్యప్ప అక్కడ అల్లం నాటే కూలికి పోతున్నాడు. గట్టు మీద నిలబడి అంతా చెప్పాను.

"గదా సంగతి!" అన్నాడు, ఆశ్చర్యంగా. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "నీళ్లు పొయ్యకముందు గా అద్దం కింద పెట్టి చూడకపోతిరా సార్?"

"లేదు."

"పసుపు చూసిన్రు. కట్టెను చూడలే."

తెడ్డు అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అంబలి కలుపనీకి పనికొస్తది తియ్యున్రి" అని మళ్లీ చేలోకి దిగాడు.

పసుపు పూసినంత మాత్రాన ఏ తొట్టీ పులియదని ఇవాళ కూడా అంటాను. కానీ పరీక్షించకుండా నమ్మడం మూఢత్వమైతే, పరీక్షించకుండా కొట్టిపారేయడాన్ని ఏమనాలి? ఆనాడు ల్యాబు తాళంచెవి నా జేబులోనే ఉంది. ఆ పొడిని చూడటానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలూ నేను ఉపన్యాసం ఇచ్చాను.