గిర్నికి సీలు, బాపు సంతకం

ఉద్యమంలో మా బాపు పెట్టిన సంతకాలకు లెక్క లేదు. డోర్నకల్‌లో రిలే దీక్షల టెంటు పడ్డనాటి నుంచి ఆయన ఇల్లు అదే అయింది. అక్కడ ఏ కాగితం చేతికొచ్చినా చదివేది లేదు, అడిగేది లేదు. సంతకం పెట్టి, కింద జై తెలంగాణ అని రాసి, పక్కవాళ్లకు ఇచ్చేవాడు. ఆయనొక్కడే కాదు, అందరూ అంతే. చదివి పెట్టేవాణ్ని అనుమానంగా చూసే రోజులవి.

ఇల్లు గడిచేది మాత్రం అమ్మ గిర్నితోనే. ఇంటి ముందుగదిలో కారం, పసుపు పట్టే మిషను. మిరపకాయల కాలం రెండు నెలలే, ఆ రెండు నెలల పనే మాకు ఏడాది తిండి. గిర్ని ఆడితే వాడకట్టంతా తుమ్ములే, కాదనను. వెనకింట్లో ఉండే రిటైర్డ్ రైల్వే ఆయనకు ఆయాసం. పాపం ఘాటుకు తట్టుకోలేక, గిర్ని మూయించాలని మానుకోటలో ఆర్డీవో కోర్టుకు అర్జీ రాశాడు. సంతకాల కోసం దాన్ని టెంటుకు తెచ్చాడు. ఆయనా దీక్షలో కూచునే మనిషే, అందులో మోసమేమీ లేదు.

అమ్మ పేరున నోటీసు వచ్చింది. హాజరు కావలసిన రోజే రైలు రోకో. పట్టాల మీద మా బాపే కూచున్నాడు. అమ్మ స్టేషన్ దాకా పోయి తిరిగొచ్చింది. వారం తిరగకముందే రెవెన్యూ వాళ్లొచ్చి గిర్నికి తాళం వేసి, బట్ట చుట్టి లక్క సీలు కొట్టారు. తండా వాళ్ల మిరపకాయల బస్తాలన్నా తీసుకోనివ్వమంటే ఆర్డర్‌లో లేదన్నారు.

నేనప్పుడు డిగ్రీలో ఉన్నాను. వాళ్లిచ్చిన అర్జీ నకలు అమ్మకు చదివి వినిపించాను. చివరనున్న సంతకాల్లో మొదటిది మా బాపుది. దాని కింద జై తెలంగాణ. నాకు ఒళ్లు మండిపోయింది.

బాపు కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "ఢిల్లీకి పంపేది అనుకున్న బిడ్డా."

"నాలుగు లైన్లు చదవనీకి ఏమైంది బాపూ?"

"గంతమంది పెడ్తుంటే నేనొక్కన్ని కూసోని చదువుతనా?"

సీలు తీయించుకుందామని పోతే సహాయ నిరాకరణ మొదలైంది. ఉద్యోగులు వచ్చి కూచుంటున్నారు, ఫైలు ముట్టడం లేదు. "జర ఓపిక పట్టు అక్కా, తెలంగాణ కోసమే గద" అన్నాడు గుమస్తా. అమ్మ ఇంటికొచ్చి ఆ మాట చెబితే, "ఉద్యోగులంటే గట్లుండాలె" అని బాపు మురిసిపోయాడు. అమ్మ చేతిలోని గిన్నె నేలకేసి కొట్టింది. నేనే అయితే ఆయన నెత్తికి కొట్టేదాన్ని.

ఆఫీసులు మళ్లీ నడిచేసరికి మిరపకాయల కాలం సగం పోయింది. వకీలు తేలిక దారి చెప్పాడు. చదవకుండా పెట్టానని బాపు ఒప్పుకుంటే మిగతావాళ్లూ అదే చెబుతారు, అర్జీ నిలవదు, సీలు పోతుంది. బాపు సరేనన్నాడు. రైల్లో నేను రెండుసార్లు అడిగితే రెండుసార్లూ తలూపాడు.

కోర్టులో ఆఫీసరు కాగితం చూసి నవ్వాడు. "కింద జై తెలంగాణ అని కూడా రాశావే. మీ టెంటులో సంతకాలన్నీ ఇలా చదవకుండా పెట్టినవేనా?"

గదిలో ఒకరిద్దరు నవ్వారు. బాపు మెడ నిటారుగా అయింది.

"చదివే పెట్టిన సార్" అన్నాడు.

వకీలు తల పట్టుకున్నాడు. ఆర్డర్ ఖాయమైంది. మిషను ఊరి బయటికి తీసుకుపోవడానికి మాత్రమే సీలు తీస్తారట. ఊరి బయట మాకు జాగా ఎక్కడిది?

మానుకోట ప్లాట్‌ఫారం మీద బాపు అమ్మ పక్కన కూచుని, "గట్ల అనకుంటె మనోళ్ల సంతకాలన్నీ ఉత్తయే అంటుండె" అన్నాడు.

అమ్మ ఆయన వైపు తిరిగింది. "నువ్వు చదవలేదని నాకెరుక. గందుకే ఇన్ని దినాలు నీకు బువ్వ పెట్టిన" అంది. "ఇయ్యాల నలుగురి ముందట చదివిన అంటివి. నా గిర్ని మూయమని చదివి సంతకం పెట్టినోనికి నేనెట్ల వండి పెట్టాలె, చెప్పు."