మా ఇంటి జాయింటు

ఎమ్మిగనూరు రోడ్డులో నిన్న స్తంభాల మీది నుంచి పాత కేబుల్ దించుతున్నారు. ఎండకు మెత్తబడిన నల్లటేపు వాసన ముఖానికి కొట్టింది. ఆ వాసన తగిలితే నాకు ఉసేనప్ప గుర్తుకొస్తాడు. గుర్తుకొచ్చిన ప్రతిసారీ ముందు కలిగేది అసూయే. దానికి ఇంకో పేరు పెట్టుకునే వయసు దాటిపోయింది.

ఆదోనిలో మా తాతగారికి పత్తి జిన్నింగు మిల్లు ఉండేది. ఉసేనప్ప తండ్రి అందులో మోటార్లకు నూనె వేసేవాడు. మిల్లు పోయింది, నాపరాళ్లు పరచిన పెద్ద ఇల్లు మిగిలింది. ఉసేనప్ప మా పేటకంతా కేబుల్ టీవీ ఇచ్చాడు, తరువాత అదే తీగ మీద ఇంటర్నెట్టు తెచ్చాడు. వేరే పని దొరకక నేను ఆయన ఆఫీసులో ఫిర్యాదులు రాసుకునే పనికి చేరాను. మొదటిరోజు కుర్చీలోంచి లేచి, "రాండి చిన్న సావుకారీ" అన్నాడు. ఆ పిలుపులో ఎగతాళి ఉందేమోనని ఏళ్ల తరబడి వెతికాను. లేదు. ఉంటే నాకు సుఖంగా ఉండేది.

ఆయన వీధిలో నడిస్తే గడపగడపా పిలిచి టీ ఇచ్చేది. నేను వెళితే లేచి దారి ఇచ్చేవారు, అంతే. ఆ తేడా నన్ను లోపల కొరికేది. అయినా పని నేర్చుకున్నది ఆయన దగ్గరే.

"టీవీకి మనం పంపితే సాలు. నెట్టు అట్ల కాదు సావుకారీ, ఇండ్లల్లో నుంచి కూడా పైకొస్తాది. ఒగ ఇంట్లో జాయింటు లూజుంటే ఆ గలాటా తీగెక్కి వీధంతా సెడుపుతాది" అనేవాడు.

పిల్లలకు ఆన్‌లైన్ క్లాసులు జరుగుతున్న రోజుల్లో మా వీధిలో మూడు రోజులు నెట్టు నిలవలేదు. ఫోన్ చేసినవారందరికీ ఒకటే జవాబు చెప్పాను: "మీ ఇంట్లోనే ఎవరో తీగ కెలికినారు." మూడోనాడు ఉసేనప్ప స్తంభమెక్కి, ఒక్కొక్క ఇంటి తీగ పీకి చూస్తున్నాడు. నేను కింద తీగలో గలాటా ఎంతుందో చూపే మీటరు పట్టుకున్నాను. ఎవరి తీగ పీకినా అంకె కదల్లేదు. మా ఇంటిది పీకగానే పడిపోయింది.

ఆయన దిగి, "లోపలికి రావచ్చునా?" అని అడిగాడు. ఆయన తండ్రి మా వసారా దాటి ఎరగడు.

నడుమింటి బీరువా వెనక ఉంది, నేను చేసిన జాయింటు. రెండో టీవీకి ఇంకో కనెక్షన్ ఇమ్మని నూనె వేసేవాడి కొడుకును అడగడం నామోషీ అనిపించి, ఎప్పుడో తీగ చీల్చి మెలిపెట్టి టేపు చుట్టాను. ఇప్పుడు టేపు ఊడింది. ఊరందరి ఇళ్లనూ అనుమానించాను గాని మా ఇల్లు నా తలపులోకే రాలేదు.

"పళ్లతో కొరికినట్టుండారే" అని నవ్వాడు ఉసేనప్ప. "సగం ఇండ్లల్లో ఇంతేలే. మీరు కొంచిం అందంగా సుట్టినారు."

జాయింటు కత్తిరించి కొత్తది బిగించాడు. బయట జనం మూగారు. ఎదురింటి దర్జీ లింగన్న అడిగాడు, "ఏమైందన్నా?"

"నా యాంప్లిఫయరు పోయినాదప్పా. ముందే మార్చాల్సింది. తప్పు నాదే."

వాళ్లు కాసేపు తిట్టారు. అయిదు నిమిషాల్లో ఆయన భుజం మీద చేతులు వేసి నవ్వుతున్నారు. చెయ్యని తప్పు మోసినా ఆయనకేమీ తగ్గలేదు. నా తప్పు నేను ఒప్పుకుంటే మాకు మిగిలిన ఆ కాస్త పేరూ పోతుందని నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. ఆనాటి నుంచి ఆయన మీద నా అసూయ రెండింతలైంది.

నిరుడు ఉసేనప్ప పోయాడు. ఆయన ఇంటి ముందు షామియానా కింద కూర్చున్నప్పుడు లింగన్న అన్నాడు, "మంచోడు. ఒగసారి మాత్రం యాంప్లిఫయరు మార్చక మూడు దినాలు సతాయించినాడు."

"అది ఆయన తప్పు కాదు లింగన్నా. మా ఇంట్లో జాయింటు. నేను చేసిందే" అన్నాను.

లింగన్న నన్ను తేరిపార చూసి, నా చెయ్యి పట్టుకున్నాడు. "పోయినోని తప్పు మీ మీదేసుకుంటాండారు. పెద్దింటి గుణం యాడికి పోతాది సావుకారీ."

చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. ఇంకోసారి చెప్పవలసింది. లింగన్న నా చెయ్యి వదలలేదు, నేనూ విడిపించుకోలేదు. ఉసేనప్పకు దక్కవలసిన ఆ మెప్పు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.