పక్క సీటు బెల్టు

నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి. అన్నం పెట్టే స్టీరింగ్ మీద చెయ్యేసి చెబుతున్నాను... ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు. నేను దుబాయ్‌లో, అల్ కుసైస్ అనే చోట స్కూలు బస్సు డ్రైవర్ని. మందు ముట్టను. రాత్రిపూట బండి నడపడం నాకు కొత్త కాదు. ఇలాంటి కథలు చెప్పేవాళ్లను చూసి పడీపడీ నవ్వేవాణ్ణి. ఇప్పుడు నవ్వడం మానేశాను.

ముందు మా ఆవిడ సంగతి చెప్పాలి. అది తెలియకపోతే మిగతాది తెలిసినా లాభం లేదు.

ఆమె పేరు ఖైరూన్. మాది రాయచోటి దగ్గర పల్లె. దుబాయ్ రాకముందు నేను ఊళ్లో వేరేవాళ్ల జీపు బాడుగకు తోలేవాణ్ణి. పెళ్లికి పోయినా, దర్గాకు పోయినా ముందు సీటులో జీపు యజమానో, ఎవరో ఒక పెద్దాయనో కూర్చునేవాడు. ఖైరూన్ వెనకాల, ఆడవాళ్ల మధ్య ఇరుక్కుని కూర్చునేది. నేను అద్దంలో ఆమెను చూసేవాణ్ణి. ఆమె కూడా అద్దంలోనే నన్ను చూసేది. పెళ్లయి ఇన్నేళ్లు... ఒక్కసారంటే ఒక్కసారి కూడా నేను బండి నడుపుతుంటే ఆమె నా పక్కన కూర్చోలేదు.

నేను దుబాయ్ వచ్చాక ఒకరోజు ఆమె ఫోనులో ఒక వీడియో పంపింది. ఏదో చలి దేశం. కొండల మధ్య రోడ్డు. రెండు పక్కలా చెట్లన్నీ ఎరుపు, పసుపు. ఆకులు రాలుతుంటే కింద నుంచి ఒక కారు మెల్లగా పోతోంది. దాని వెనకే తన గొంతు రికార్డు చేసి పంపింది.

“ఇట్లాంటి దావలో ఒకసారి నీ పక్కన కూర్చోని పోవాలయ్యా. దుబాయ్‌లో యాడన్నా ఉండాదా ఇట్లాంటి చోటు?”

నేను కిటికీలోంచి చూశాను. ఇసుక, సిమెంటు, ఏసీ డబ్బాలు.

“ఎందుకుండదు మే? నువ్వు రా, నేను చూపిస్తా గదా,” అన్నాను.

అప్పటి నుంచి రోజూ ఫోనులో అదే మాట. ఏ చీర కట్టుకోవాలి, దారిలో తినడానికి ఏం పెట్టుకోవాలి, ఆకులు ఏరుకోవడానికి సంచి తేవాలా... ఆమెకు ఒకటే భయం. మలుపులంటే కడుపులో తిప్పుతుంది. గువ్వలచెరువు ఘాట్‌లో బస్సెక్కితే నిమ్మకాయ వాసన చూస్తూ కళ్లు మూసుకుని కూర్చునే మనిషి. మొదటిసారి టికెట్ తీస్తే కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి. రెండోసారి మా అమ్మకు ఆపరేషన్ పడింది. ఆమె రాలేదు గానీ ఆ ప్రయాణం మాత్రం మా మాటల్లో సాగుతూనే ఉంది.

నా రూమ్‌మేట్ సుభాన్‌ది నెల్లూరు. వాడు నన్ను వదిలేవాడు కాదు.

“ఏందన్నా, ఎడారిలో ఎర్రాకులు ఎతకతుండావా? నాకూ ఒక బస్తా తీసుకురా.”

కానీ దారి చూపించింది కూడా వాడే. ఇంతకుముందు వాడు కొండల అవతల నీళ్ల ట్యాంకరు నడిపేవాడు. “నిజంగానే ఒక చోటుందన్నా. మసాఫీ దాటి దిబ్బా వైపు పోతే ఒక తోట గోడ. దాని పక్కన వరసగా బాదం చెట్లు. మనూరి బాదం చెట్లేలే. చలికాలం ఆకులన్నీ పండు మిరపకాయల మాదిరి ఎర్రబడతాయి,” అన్నాడు.

మూడోసారి వీసా వచ్చింది. స్కూలు సెలవులకు ఖైరూన్ వస్తుంది. నాకు కాలు నిలవలేదు. ఆమె రావడానికి వారం ముందు ఒక తెల్ల కారు అద్దెకు తీసుకుని, డ్యూటీ దిగగానే ఒక్కణ్ణే బయల్దేరాను. ఆకులు చూడాలని కాదు. మలుపులు ఎన్నున్నాయి, ఎక్కడ ఆగితే ఆమెకు కాస్త గాలి తగులుతుంది, ఆడవాళ్లకు బాత్రూం ఎక్కడుంది... ఇవన్నీ ముందే చూసుకోవాలని.

షార్జా దాటాను. ధైద్ దాటాను. లైట్లు తగ్గాయి. కొండలు మొదలయ్యాయి. చెట్టూ చేమా లేని కొండలు. అద్దం కొంచెం దించాను. చలిగాలి. టైర్ల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

అప్పుడు...

టింగ్.

టింగ్... టింగ్... టింగ్...

ముందు ఎర్ర లైటు వెలిగింది. మీకందరికీ తెలిసిందే. పక్క సీటులో మనిషి కూర్చుని బెల్టు పెట్టుకోకపోతే బండి కదలగానే మోగుతుంది చూడండి... అది.

మీరు ఏమంటారో నాకు తెలుసు. సీటు మీద బ్యాగు పెట్టి ఉంటావు అంటారు. బ్యాగు డిక్కీలో ఉంది. నీళ్ల సీసా తలుపులో ఉంది. ఫోను ఎదురుగా స్టాండులో ఉంది. సీటు ఖాళీ.

ఇక్కడ స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. కుడి చెయ్యి చాపి పక్క సీటు తడిమాను. చల్లగా ఉంది. చెయ్యి తీశాను. మోత ఆగలేదు. బండి పక్కకు తీసి ఆపాను. దిగాను. అటువైపు పోయి తలుపు తీసి, సీటు కింద కూడా టార్చి వేసి చూశాను. ఏమీ లేదు. తలుపు గట్టిగా వేశాను. ఆ చప్పుడు కొండకు తగిలి మళ్లీ వచ్చింది.

బండి తీశాను. నిశ్శబ్దం. హమ్మయ్య అనుకున్నాను.

తర్వాతి మలుపులో... టింగ్.

వచ్చిన దువాలన్నీ చదివాను. సగంలో ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. అటు చూడకూడదు అనుకుంటూనే అటే చూశాను. టింగ్... టింగ్... ఏదో అడుగుతున్నట్టు, విసుగు లేకుండా, ఒకే తీరుగా.

ఇక్కడ నేను చేసిన పని మీకు పిచ్చిగా అనిపిస్తుంది. కానీ నేను స్కూలు బస్సు మనిషిని. పిల్లలందరికీ బెల్టు పెట్టించనిదే నా కాలు బ్రేకు మీద నుంచి లేవదు. ఎన్నో ఏళ్ల అలవాటు. నా నోరు దానంతటదే అనేసింది.

“బెల్టు పెట్టుకోమ్మా.”

అని... నేనే చెయ్యి చాపాను. బెల్టు లాగాను. ఖాళీ సీటు మీదుగా తెచ్చి... కట్టాను.

క్లిక్.

మోత ఆగిపోయింది.

మోగుతున్నప్పటి కంటే ఆగిన తర్వాతే నాకు ఎక్కువ భయం వేసింది. వెనక్కి తిరిగే చోటు కూడా లేదు. పోతూనే ఉన్నాను. ఒక పెద్ద మలుపు వచ్చింది. ఆ మలుపులో బెల్టు ‘కిర్’మని బిగిసింది. మనిషి ముందుకు తూలితే బిగుస్తుంది చూడండి, అలా. నేను వెంటనే బండి నెమ్మది చేశాను. ఎందుకు చేశానో తెలుసా? మలుపుల్లో కడుపు తిప్పేవాళ్ల కోసం చేసినట్టే చేశాను. నా పక్కన ఎవరున్నారో తెలియదు. అయినా సిగ్గు విడిచి చెబుతున్నాను... ఆ భయంలోనే ఎక్కడో ఒక మూల నాకు బాగుంది. పక్కన మనిషి ఉంటే ఇలా ఉంటుందన్నమాట అనిపించింది.

బాదం చెట్లు వచ్చాయి. సుభాన్ చెప్పినట్టే, తోట గోడ వెంట వరసగా. బండి ఆపి, లైట్లు వేసి ఉంచే దిగాను. వెలుతురులో ఆకులు ఎర్రగా ఉన్నాయి. గాలి పెద్దగా లేదు. ఒక్కో ఆకు... టప్... ఆగి, ఇంకోటి... టప్... నాకు ఏడుపొచ్చింది. ఖైరూన్‌కు ఫోన్ చేశాను. ఒక్క రింగుకే ఎత్తింది.

“ఏందయ్యా, ఇంత పొద్దు పోయినాక? యాడుండావు?”

“రూములోనే. నువ్వు నిద్ర పోలేదా?”

“నిద్ర పట్టలా. కడుపులో తిప్పుతాంది. ఏం తిన్నానో ఏమో.”

నేను కారు వైపు చూశాను. ఖాళీ సీటు, దాని మీద బెల్టు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆమెకూ చెప్పలేదు, సుభాన్‌కూ చెప్పలేదు. ఇది గుర్తు పెట్టుకోండి.

పొద్దున అద్దె షాపువాడికి సెన్సర్ పాడైందని చెప్పాను. వాడు సీటులో కూర్చున్నాడు, నేను బండి కదిపాను. మోగింది. వాడు దిగాడు, మళ్లీ కదిపాను. మోగలేదు. “బిల్కుల్ ఠీక్ హై భాయ్,” అని తాళాలు లాక్కున్నాడు.

ఖైరూన్ వచ్చింది. విమానాశ్రయంలో ఎదురుపోయి ఆమె చేతిలో సంచి అందుకున్నాను. ఆమె “ఇంత చిక్కిపోయినావేందయ్యా,” అని మొదలుపెట్టింది. సెలవుల రద్దీ కదా, షాపులో మళ్లీ ఆ తెల్ల కారే మిగిలింది. వద్దంటే ప్రయాణమే లేదు. తీసుకున్నాను.

బయల్దేరేటప్పుడు అలవాటుగా వెనక తలుపు దగ్గరికి పోయి నిలబడింది. “మే, ముందుకు రా,” అన్నాను. సిగ్గుపడింది. వచ్చి కూర్చుంది. బండి కదలగానే... టింగ్.

“ఏంది, ఇది ఊరికే ఏడుస్తాంది?”

“మనిషి కూర్చోని బెల్టు కట్టుకోకపోతే అట్ల మోగుతుంది,” అని నేనే కట్టాను. ఆగిపోయింది. బండి బాగానే ఉంది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

ఆ రోజంత సంతోషం నాకు మళ్లీ రాలేదు. దారంతా పాలకోవా తింటూ, నాకు పెడుతూ, ఊళ్లో సంగతులన్నీ చెప్పింది. మలుపుల్లో నా చెయ్యి పట్టుకుంది. కడుపు కూడా తిప్పలేదు. పండ్ల అంగళ్ల దగ్గర చాలాసేపు ఆగింది. చెట్ల దగ్గరికి చేరేసరికి మగ్రిబ్ నమాజు వేళ అయిపోయి చీకటి పడుతోంది. ఆమె దిగి పరుగెత్తింది. కొంగు పట్టి ఆకులు ఏరడం మొదలుపెట్టింది.

“కనపడటంలేదయ్యా... లైటు ఇట్ల తిప్పు!”

నేను కారులోనే ఉన్నాను. లైటు చెట్టు మీద పడేటట్టు బండి కొంచెం ముందుకు కదిపాను.

టింగ్.

టింగ్... టింగ్...

పక్క సీటు మీద ఆమె సంచి కూడా లేదు. అద్దం దించి ఉంది. ఆమెకు వినపడింది. వంగినది లేచి నిలబడి కారు వైపు చూసింది. మా ఇద్దరికీ మధ్య ఆ మోత. చెయ్యి చాపి బెల్టు కట్టేశాను. క్లిక్.

ఆమె నెమ్మదిగా వచ్చింది. ముందు కిటికీ దగ్గర ఆగింది. సీటు వైపు చూసింది. తర్వాత... వెనక తలుపు తీసి వెనకాల కూర్చుంది.

“ఏం మే? ముందుకు రా.”

“ముందర ఖాళీ లేదు గదయ్యా,” అంది.

ఎగతాళికి అందా? కట్టి ఉన్న బెల్టు చూసి అందా? లేక... నేను అద్దంలో చూశాను. ఆమె తల వంచుకుని ఆకులు సర్దుకుంటోంది. మొహం కనపడలేదు. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. దుబాయ్ దాకా అలాగే వచ్చాం. పాత జీపులో మాదిరిగా ఆమె వెనకాల, నేను ముందు.

వీసా అయిపోయింది. ఆమె వెళ్లిపోయింది. ఆ మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కానీ ఫోనులో మళ్లీ అదే పాట. “ఆ దావలో మళ్లా ఎప్పుడు పోదామయ్యా? ఈసారి దారంతా నీ పక్కనే కూర్చుంటా.” వచ్చే చలికాలం అంటాను.

ఆకులు మళ్లీ ఎర్రబడ్డాయని మొన్న సుభాన్ చెప్పాడు. నాకు ఒకటే కోరిక. ఆ సీటు నా భార్యదని చెప్పాలి. గట్టిగా కాదు, మంచిగానే. ఎవరికి చెప్పాలో తెలియడం లేదు.