చెవికి అందిన చెయ్యి

నేను డిగ్రీ పాసయ్యానని తెలిసింది మా చెల్లిని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళిన రోజునే. ముక్తేశ్వరం రేవులో టీకొట్టాయన్ని పేపరు అడిగి తీసుకుని, నా నంబరు మీద వేలు పెట్టి మూడుసార్లు చూసుకున్నాను. మా ఇంట్లో నాకు ముందు పదో తరగతి దాటినవాళ్ళే లేరు. వెనక్కి పరిగెత్తి అమ్మకి చెప్పొద్దామంటే గోదావరి దాటించే పంటు కదలడానికి సిద్ధంగా ఉంది.

చెల్లి కబడ్డీ ఆడేది. జిల్లా జట్టుకి దాని పేరు రాశారు. అది పదహారేళ్ళ లోపు పిల్లల జట్టు. బడి రికార్డు ప్రకారం దానికి పదహారు నిండి రెండు నెలలయింది. నిజానికి పదిహేనే.

"రికార్డు తప్పని ఆసుపత్రి కాయితం తెస్తే చూస్తామన్నారమ్మా. శనివారం దాకానే టైము," అన్నారు డ్రిల్లు మేష్టారు. ఎముకలూ పళ్ళూ చూసి వయసు చెబుతారట. ఇంట్లో ఇంగ్లీషు కాయితం చదవగలిగేది నేనొక్కదాన్నే కాబట్టి నన్ను పంపారు.

ఆసుపత్రిలో చీటీలు రాసే గుమాస్తా తలెత్తకుండా, "పేషెంటు వయసెంతండీ?" అన్నాడు.

"అది తెలుసుకుందామనే వచ్చేమండి."

"ఆయ్. కానీ వయసు రాయకపోతే చీటీ రాదండి."

"రికార్డులో ఉన్నది చెప్పమంటారా, అసలుది చెప్పమంటారా?"

"ఏదో ఒకటి చెప్పండి. వెనకాల జనం ఉన్నారు."

పదిహేనని చెప్పాను. ఉండబట్టలేక, "నేను డిగ్రీ పాసయ్యేనండి, ఈవేళే తెలిసింది," అన్నాను.

"మంచిదండి. కాస్త పక్కకి జరగండి."

పళ్ళ డాక్టరమ్మగారు చెల్లి నోట్లో టార్చి వేసి ఇరవై ఎనిమిది లెక్కపెట్టారు. జ్ఞానదంతాలు ఇంకా రాలేదన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే పదహారు దాటలేదని రాసేయొచ్చు కదండీ?"

"నాకు ముప్పై దాటేయమ్మా. నాకూ రాలేదు."

తర్వాత ఎక్స్‌రే గది. అక్కడాయన చెల్లి చేతిని పలక మీద పెట్టి, మోచేతిని పట్టుకుని, "ఇంకొంచెం పైకెత్తాలమ్మా, ఇలాగ," అంటూ జరిపాడు. నేను అటు చూడలేక గుమ్మం బయటికి వచ్చేశాను.

ఎందుకంటే ఆ మోచేతిని నేనూ ఒకసారి అలాగే ఎత్తాను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, ఐదో తరగతి. నాయనమ్మ పోయాక చెల్లిని చూసేవాళ్ళు లేకుండా పోయారు. అమ్మ కొబ్బరి పీచు మిల్లు మానేస్తే ఇల్లు గడవదు. "ఒక్క ఏడు బడి మానేసి దాన్ని చూసుకోవే," అంది. ఒక్క ఏడని మానేసిన ఆడపిల్లలు మళ్ళీ పుస్తకాల సంచీ తగిలించుకోవడం మా వీధిలో నేను చూడలేదు. మర్నాడు చెల్లిని వెంటబెట్టుకుని బడికెళ్ళి, ఒకటో తరగతిలో చేర్చుకోమని పెద్దమేష్టార్ని అడిగాను.

పుట్టిన కాయితాలు మాలో ఎవరికీ ఉండేవి కావు. కుడిచేతిని నెత్తి మీదుగా పోనిచ్చి ఎడమచెవి పట్టుకోగలిగితే ఐదేళ్ళు నిండినట్టే లెక్క. చెల్లికి నాలుగే. దాని వేళ్ళు చెవికి రెండంగుళాల ఇవతలే ఆగిపోయాయి. మేష్టారు రిజిస్టరు కోసం బల్ల సొరుగులో వెతుకుతున్నారు. నేను వెనకనుంచి దాని మోచెయ్యి ఎత్తి గట్టిగా నొక్కి, తల పక్కకి వంచి, "అందిందండీ," అన్నాను. ఆయన ఒకసారి చూసి, ఐదేళ్ళు వెనక్కి లెక్కేసి ఒక తేదీ రాసుకున్నారు. అదే దాని పుట్టినరోజయింది. నా చదువు ఆగలేదు.

ఎముకల డాక్టరుగారు ఫిల్ముని వెలుగుకి పెట్టి చూపించారు. "మోచేతి దగ్గర ఎముకలు అతుక్కుపోయేయి. మణికట్టు దగ్గర ఇదిగో, ఈ సన్నగీత మిగిలింది. ఇదీ పూడిపోతోంది. పదిహేనూ కావచ్చు, పదిహేడూ కావచ్చు."

"పదిహేనేనండి. నాకు తెలుసండి."

"ఎలా తెలుసు?"

నోరు తెరిచాను. డిగ్రీ పాసయ్యానని దారిపొడుగునా చెప్పుకుంటూ వచ్చిన నోరు ఆ ఒక్కమాట దగ్గర పెగల్లేదు. "మా అమ్మ చెప్పిందండి," అన్నాను.

"అమ్మలందరూ చెబుతారమ్మా. ఆడపిల్లల ఎముకలు తొందరగా ముదురుతాయి, అందులో ఆటలాడే పిల్ల. ఎముకని బట్టి నేను ఇంతకంటే కచ్చితంగా రాయలేను." పదిహేనుకీ పదిహేడుకీ మధ్య అని రాసి స్టాంపు వేశారు.

తిరుగు పంటులో ఆ కాయితం నాలుగుసార్లు చదివాను. రోజంతా తిరిగి, మూడు గదుల ముందు కాళ్ళు పీకేలా నిలబడి తెచ్చుకున్నది మాకు ముందే తెలిసిన అనుమానాన్నే. ఆ ఉక్రోషంలో చెల్లికి మోచేతి సంగతి చెప్పేశాను.

అది నీళ్ళకేసి చూస్తూ, "నాకు గుర్తుంది. చెవి నొప్పెట్టింది," అంది.

"మరి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదేమే?"

"చెబితే నిన్ను మాన్పించేస్తారు కదా." నావైపు తిరిగి, "డాక్టరుగారికైనా చెప్పాల్సింది అక్కా," అంది.

నేను కాయితాన్ని ఐదోసారి విప్పాను.

రేవులో డ్రిల్లు మేష్టారు సైకిలు పట్టుకుని మాకోసం నిలబడి ఉన్నారు. కాయితం చదివి, మడిచి, నా చేతికిచ్చేశారు. "ఇది అటూ సరిపోద్ది, ఇటూ సరిపోద్ది అమ్మా. ఇలాంటప్పుడు రికార్డే ఖాయం చేస్తారు. శనివారం నేను వెళ్ళి అడుగుతాను గానీ, ఆశ పెట్టుకోవద్దు." ఏం మాట్లాడాలో తెలియనట్టు, "ఇంకేంటి సంగతులు?" అన్నారు.

నేను కాయితాన్ని సంచీలో పెట్టుకున్నాను.

"మా అక్క డిగ్రీ పాసయ్యిందండి," అంది చెల్లి.

మేష్టారు సైకిలుకి స్టాండు వేసి, రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని ఊపారు. పొద్దుటి నుంచీ నా కబురు విని సంతోషించింది ఆయనొక్కరే. చెల్లి అప్పటికే గట్టెక్కి ఇంటివైపు నడుస్తోంది.