గుడ్డపడవకు కాలిచెక్కలు

మా చిన్నబాపు చనిపోయిన సంగతి నాకు కరీంనగర్ బస్టాండులో తెలిసింది. మా ఊరివాడొకడు సంచిని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటూ చెప్పాడు. "మీ చిన్నబాపు జరమొచ్చి పోయిండు బిడ్డా. మంచిగనే పోయిండు. ఎవ్వలకు బరువు కాలే." మనిషి పోయిన పూట కూడా మనవాళ్లు తూకం వేయడం మానరు.

పదోనాడు చిన్నబాపు భార్య, మా చిన్నమ్మ, ఆమెకు అన్న అయినాయన గోదావరి అవతలి ఊరి నుంచి వచ్చాడు. అందరికంటే గట్టిగా ఏడ్చింది ఆయనే. "ఒక్క చేత్తోని గోదారి గెలిచిండు మా బావ! గసొంటోడు మల్ల పుట్టడు!" అని రొమ్ము బాదుకున్నాడు. బాదుకోవడం అయ్యాక విస్తరి ముందు కూర్చుని కూరలో కారం తక్కువైందన్నాడు. చిన్నమ్మ ఆయన వైపు చూడలేదు. ఊళ్లో చివరికి ఆయన మాటే మిగిలిపోతుందేమోనని నాకు రోత పుట్టింది. అందుకే ఇది రాస్తున్నాను.

చిన్నబాపు మా బాపుకు తమ్ముడు, నేతగాడు. పసితనం నుంచి గుంట మగ్గంలో కాళ్లు దించుకుని పెరిగినవాడు. మగ్గం తొక్కుడు చెక్కలు రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. కుడిది దిగితే ఎడమది లేస్తుంది. ఆయన కాళ్లకు ఆ ఆట ఎంత అలవాటంటే నిద్రలో కూడా ఆగేవి కావు. పక్కన పడుకున్న పిల్లలం తన్నులు తిని లేచేవాళ్లం. "నేను తన్నలే బిడ్డా, అంచు నేసిన" అనేవాడు పొద్దున.

తర్వాత మరమగ్గాల షెడ్డులో పనికి వెళ్లాడు. అక్కడ ఎడమ చెయ్యి మగ్గాన్ని తిప్పే పట్టాలో పడి మోచేతి దాకా పోయింది. ఆస్పత్రి నుంచి వచ్చిన నెలకే చిన్నమ్మను ఆమె అన్న పుట్టింటికి తీసుకుపోయాడు. పంపమని మా బాపు అడగడానికి వెళితే, ఆ అన్న వాకిట్లో పుల్లతో పళ్లు కుట్టుకుంటూ అన్నాడట: "పెండ్లాన్ని తోలుకపోను మొగుడే రావాలె గద? రమ్మను. ఒకల చెయ్యి పట్టకుంట గోదారి దాటి రమ్మను. ఏరే దాటలేనోడు సంసారమేం ఈదుతడు?"

రేవు పడవ ఎక్కాలంటే ఎవరో ఒకరు రెక్క పట్టి లాగాలి. ఎక్కాక మగవాళ్లందరూ గెడకు ఒక చెయ్యి వెయ్యాలి. ఇవన్నీ తెలిసే పెట్టిన షరతు అది. ఒకసారి ఎక్కబోతే పడవవాడు, "చిన్నన్నా, నువ్వు ఆడోళ్ల దిక్కు జరిగి కూసో" అన్నాడు. పడవంతా నవ్వింది. చిన్నబాపు దిగి ఇంటికి వచ్చేశాడు. ఆ నవ్విన వాళ్లలో సగం మంది పదోనాటి పంక్తిలో కూర్చుని ఆయన్ని పొగడడం నేను చూశాను.

ఆ ఏడాదే లక్సెట్టిపేట మిషన్ బంగ్లా ఖాళీ చేసి ఒక దొర తన దేశం వెళ్లిపోతూ గోదాంలో ఒక పడవ వదిలేశాడు. సన్నటి కర్రల గూడుకు కాన్వాసు గుడ్డ తొడిగిన ఒంటిమనిషి పడవ. దాన్ని కయాక్ అంటారని దొర చెప్పాడట. చిన్నబాపుకు అది గుడ్డపడవే. కావలివాణ్ణి బతిమాలి బండిమీద వేసుకొచ్చాడు. ముక్కు మూసుకోకుండా దాని దగ్గర నిలబడలేకపోయాం. ఎలుకలు లోపల పిల్లలు పెట్టి, అక్కడే చచ్చి, ఎండిపోయాయి. సెలవులకు వచ్చిన నేను చీపురు పట్టుకుని అది శుభ్రం చేశాను. మూడు రోజులు అన్నం సహించలేదు.

మా బాపు నెత్తి పట్టుకున్నాడు. "పెండ్లాన్ని తెస్తనని ఒక్కడు కూసునే పడవ తెచ్చినవేందిర? ఆమెను నెత్తి మీద పెట్టుకుంటవా?"

"నేను పోవుడు నా పని. ఆమె వచ్చుడు ఆమె పని" అన్నాడు చిన్నబాపు.

తెడ్డు పిడి చంకలో ఇరికించుకుని ఒక్క చేత్తో వేయడం ఆయన తొందరగానే నేర్చాడు. కానీ కుడివైపే తెడ్డు వేస్తే పడవ ముక్కు ఎడమకు తిరుగుతుంది. దాన్ని నిలబెట్టడానికి వెనక చుక్కాని కావాలి. చుక్కాని తిప్పడానికి రెండో చెయ్యి లేదు. "చెయ్యి లేకపోతే కాళ్లు లెవ్వా? ఇన్నేండ్లు బట్ట నేసింది చేతులేనా?" అంటూ పాత మగ్గం తొక్కుడు చెక్కలు ఊడబీకి పడవలో వేలాడదీశాడు. వాటి నుంచి చుక్కానికి నూలు తాళ్లు లాగాడు.

నేతవాళ్లు తప్ప ఇంకెవరూ చేయని తెలివితక్కువ పని అప్పుడు జరిగింది. తాళ్లకు గంజి పెట్టారు. నూలు అనేది కంటపడితే మా వాళ్లు గంజి పెట్టకుండా ఉండలేరు. వీధి వీధంతా వచ్చి, ఎండి తీగల్లా బిగిసిన తాళ్లను గోటితో మీటి మెచ్చుకుంది. చెరువులో దింపేసరికి అవి జిగురు కారి, సాగి, పేగుల్లా వేలాడాయి. వాటిని పైకి లాగింది నేనే. ఆ జారుడు, ఆ పులిసిన వాసన ఇప్పటికీ నా వేళ్లకు గుర్తే. గంజి తినడానికి చేపపిల్లలు మూగాయి. "గోదారికి పోకముందే చాపలకు బువ్వ పెట్టిన. పున్నెం" అని చిన్నబాపు నవ్వాడు. ఆ తర్వాత తాళ్లకు మైనం రుద్దాడు.

తాళ్లు కుదిరాయి గానీ కాళ్లు కుదరలేదు. తెడ్డు వేయగానే ఆయన కాళ్లు మగ్గం మీద ఉన్నట్టే ఆడేవి. కుడి, ఎడమ, కుడి, ఎడమ. పడవ పాములా మెలికలు తిరిగేది. ఇంకో చిక్కు కూడా ఉంది. తెడ్డు గట్టిగా లాగాలంటే కాలికి ఆనిక కావాలి. వేలాడే చెక్కను ఆనుకుంటే అది జారి చుక్కాని తిరిగిపోయేది. ఒడ్డున కూర్చున్న వాళ్లు, "చిన్నన్నా, నేసేది చీరెనా, దోతా?" అని అరిచేవారు.

ఆయన చెక్కలన్నీ పీకి పారేశాడు. టేకు పట్టె ఒకటి పడవ కర్రలకు అడ్డంగా కదలకుండా బిగించాడు. అది మడమలకు. దాని పైన, పాత చెప్పుల తోలు మడతబందుగా వేసి, రెండు చిన్న చెక్కలు అమర్చాడు. అవి వేళ్లకు. మడమ పట్టెకు తన్నిపెట్టి, వేళ్లతో మాత్రమే తాడు లాగాలి. ఒక్క చేత్తో మేకు నిలబెట్టడానికి పళ్లతో పట్టుకునేవాడు. సుత్తి దెబ్బ ఎన్నిసార్లు దవడకు తగిలిందో. ఇమ్మంటే మేకు నాకిచ్చేవాడు కాదు.

పడవను వాకిట్లో పెట్టి, పట్టె మీద తడిమన్ను మెత్తి, అందులో మడమలు ఆన్చి గాలిలో తెడ్డు వేసేవాడు. దిగాక వంగి మన్ను చూసేవాడు. మడమ గుర్తు చెదిరి ఉంటే మళ్లీ మొదలు. "ఏలు ఆడాలె, మడమ ఆగాలె. రెండు ఒక్కతీరుగ ఉరికితే మనిషి ఆగమైతడు" అనేవాడు. కాలేజీలో చేరి, ఏ పని చేస్తున్నా ఇంకో పని వైపు చూసే నన్ను ఆ మాట చాలాసార్లు కూర్చోబెట్టింది. దారిన పోయేవాళ్లు, మట్టిలో పడవ నడిపే పిచ్చివాణ్ణి పిల్లలకు చూపించేవారు. ఒకామె అయితే నా ముందే, "గా పిల్ల సుత పిచ్చిదయితది, జర చూసుకోండ్రి" అని మా అవ్వకు చెప్పింది.

దసరా దాటి వరద తగ్గాక ఒక పొద్దున ఆయన గోదావరిలో దిగాడు. నేనూ బాపూ రేవు పడవలో వెనకే వెళ్లాం. పడవవాడు మొదట్లో ఒకటే ఎకసెక్కాలు. నడి ఏట్లో గుడ్డపడవ ముక్కు ఎడమకు ఒరిగినప్పుడు బాపు నా భుజం పట్టుకున్నాడు. ముక్కు మెల్లగా మళ్లీ నిటారుగా వచ్చింది. ఇంకోసారి ఒరిగింది, ఇంకోసారి వచ్చింది. పడవవాడు గెడ వేయడం మరిచిపోయి చూశాడు. "ఫికర్ లేదే పటేలా, పోతుండు" అన్నాడు మా బాపుతో, వేరే గొంతుతో.

అవతలి ఒడ్డున చిన్నమ్మ అన్న, ఇంకొందరు మగవాళ్లు ఇసుకలో నిలబడి ఉన్నారు. గుడ్డపడవ మోకాలి లోతులో ఆగింది. చిన్నబాపు లేవబోయాడు. లేవలేకపోయాడు. అంతసేపు పట్టెకు తన్నిపెట్టిన కాళ్లు మొద్దుబారిపోయాయి. పడవ ఊగింది. అప్పుడు బావమరిది నీళ్లలోకి రెండడుగులు వేసి చెయ్యి చాచాడు. "ఇగో బావా, చెయ్యి వట్టుకో. తప్పేముంది? మనం మనమే గద!" వెనక ఉన్నవాళ్లు పళ్లు బయటపెట్టారు. అంత అసహ్యమైన దయను నేను ఇంకెక్కడా చూడలేదు.

చిన్నబాపు ఆ చెయ్యి వైపు చూశాడు. చెమట కళ్లలోకి కారుతోంది. ఒడ్డు మీది గుంపును తోసుకుని చిన్నమ్మ వచ్చింది. చీర తడుస్తున్నా ఆగలేదు. మొగుణ్ణి ముట్టుకోలేదు. పడవ ముక్కును రెండు మోకాళ్ల మధ్య ఇరికించి, రెండు చేతులతో అదిమి పట్టింది.

"గిది కదలది. నువ్వే దిగు" అంది.

ఆయన ఎంతసేపు తీసుకున్నాడో. ఒక కాలు చేత్తో ఎత్తి బయట పెట్టాడు. రెండోది పెట్టాడు. పడవ అంచు మీద మోచేతి మొండి ఆన్చి లేచి, నీళ్లలో నిలబడ్డాడు. ఆ తర్వాతే ఆమె పడవ వదిలింది. ఇద్దరూ నడిచి మా రేవు పడవ వైపు వచ్చారు, ముందు ఆమె, వెనక ఆయన.

బావమరిది చెయ్యి ఇంకా చాచే ఉంది. ఎవరూ పట్టుకోని ఆ చేతిని, నీటి చుక్క కూడా అంటని ఆ చేతిని, ఆయన మెల్లగా వెనక్కి తీసుకుని పంచెకు తుడుచుకున్నాడు.